చిన్న లగ్జరీ క్రూజ్ షిప్‌లో కుర్ర జంటలకు బోర్ కొడుతుందా?

వైజాగ్‌లో ఉంటున్న కొత్త జంట, ఇద్దరికీ ముప్పై లోపే, అడిగిన ప్రశ్న ఇది. డీజే, క్యాసినో, అర్ధరాత్రి దాకా హడావిడి కావాలంటే మాత్రం వద్దు. రాత్రి పదిన్నర దాటితే బార్‌లో పియానో వినిపిస్తుంది, అంతే. తోటి ప్రయాణికుల్లో రిటైరైనవాళ్లే ఎక్కువ. రెండు, మూడు వారాల ట్రిప్పుల్లో మరీను. వారం లోపు ట్రిప్ చూసుకోండి, అందులో కాస్త మీ ఈడువాళ్లు తగులుతారు.

రుషికొండలో కయాక్ వేసే అలవాటుందా? అయితే మీకు నచ్చుతుంది. సీడ్రీమ్ లాంటి ఓడలో పట్టేది 112 మందే. లంగరు వేశాక వెనకవైపు తలుపు నీటి మట్టానికి దించుతారు. అక్కడి నుంచే కయాక్ ఎక్కి సముద్రంలోకి వెళ్లిపోవచ్చు. పెద్ద ఓడలు దూరలేని బుల్లి రేవులకూ ఇవి వెళ్తాయి. మందు, భోజనం చాలావరకు టికెట్లోనే కలిసిపోతాయి. శాకాహారులైతే బుకింగప్పుడే చెప్పండి.

2022లో మన వైజాగ్ పోర్టు నుంచి చెన్నై వెళ్లిన కార్డీలియాను చూసి వీటిని అంచనా వేయకండి. అది వందల గదుల ఓడ, తిరునాళ్ల సందడి. చిన్న ఓడలో అలలకు ఊపు ఎక్కువ కూడా, వాంతుల మాత్రలు మర్చిపోవద్దు.