300 చదరపు అడుగుల షాపులో ముందు లగేజీకి చోటు చూడండి

తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర 12 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవున్న షాపు తీసుకున్నానని, కలంకారీ చీరలు, దుపట్టాలు, మాధవమాల కొయ్యబొమ్మలు పెడతానని, లోపల ఎలా చేయిస్తే బాగుంటుందని అడిగారు కదా. ఇదే సైజు షాపు గోవిందరాజస్వామి గుడి దారిలో నేను ఏడేళ్లు నడిపాను. మొదట చేయించిన ఇంటీరియర్ రెండేళ్లు తిరక్కుండానే పీకించేశాను.

అది చేసినాయన ఫోన్లో పెద్ద పెద్ద షోరూముల ఫొటోలు చూపిస్తే నేనూ మురిసిపోయాను. ఎడమవైపు పొడుగునా గ్లాసు కౌంటరు, దాని వెనక సేల్స్ అమ్మాయి నిలబడే చోటు, ఆ వెనక ర్యాకులు. ర్యాకుకి అడుగుంబావు, మనిషికి రెండున్నర, కౌంటరుకి రెండు, ఎదురు గోడ ర్యాకుకి ఇంకో అడుగుంబావు. కస్టమర్‌కి మిగిలింది 5 అడుగులు. కాగితం మీద చాలనే అనిపించింది. కానీ మన ఊళ్లో షాపుకి వచ్చేది ఒక్క మనిషా? కొండ దిగిన కుటుంబం మొత్తం, నాలుగు బ్యాగులు, లడ్డూల కవర్లు, చంకలో పిల్లాడు, సాయంత్రం రైలు. ముందు నలుగురు ఆగితే వెనకవాళ్లు రోడ్డు మీదే. వాళ్లు అక్కణ్నించి "టైమైంది, రండి" అని కేకేస్తే లోపలివాళ్లు చీర వదిలేసి వెళ్లిపోయేవాళ్లు.

రెండోసారి కౌంటరు మొత్తం తీసేసి, బిల్లింగుని వెనక మూలకి పంపాను. గోడలకి ర్యాకులు పోగా తొమ్మిదిన్నర అడుగులు మిగిలాయి. మధ్యలో చీర పరచడానికి రెండున్నర అడుగుల బల్ల వేసినా అటు మూడున్నర, ఇటు మూడున్నర దారి. గుమ్మం లోపల మొదటి నాలుగడుగులు ఖాళీ. ఎండలోంచి వచ్చినవాళ్ల కళ్లు కుదురుకునే దాకా అక్కడ ఏం పెట్టినా ఎవరూ చూడరు. పక్కన గోడకి బ్యాగులు పెట్టుకునే అర, దాన్ని ఆనుకుని చెక్క బెంచీ. మొత్తం ఖర్చులో బెంచీ ఒక్కటే నాకు పూర్తిగా గిట్టిందని చెప్పగలను. అవ్వ కూర్చుంటే కోడళ్లు నింపాదిగా చూస్తారు.

ఇంకోటి నవ్వు తెప్పించేదే గానీ డబ్బు పోయింది. దుపట్టాలు గాలికి ఊగుతూ బాగుంటాయని గుమ్మం పైన వేలాడదీశాను. గుండు చేయించుకుని గంధం పూసుకున్నవాళ్లు వాటి కిందనుంచే లోపలికి వస్తారు. నెలలో పదికి పైగా దుపట్టాలకి గంధం మరకలు! తర్వాత వాటిని లోపలి గోడకి మార్చి, గుమ్మం బయట టోపీల స్టాండు, ఒక అద్దం పెట్టాను. గుండు చూసుకోవడానికి ఆగని మనిషి లేడు.

లైట్ల దగ్గర పిసినారితనం వద్దు. నేను మొదట 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలం ఛాయ తెలుపు) తెల్ల ట్యూబులు వేశాను, కలంకారీ పాతగుడ్డలా కనిపించింది. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి తీసే ఆ నలుపు, ఆ ఇటుకరంగు ఎరుపు 3000 నుంచి 4000 కెల్విన్ మధ్య పసుపు ఛాయ వెలుగులోనే తేరుకుంటాయి. డబ్బా మీద సీఆర్ఐ, అంటే రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 పైన ఉందో లేదో చూసి కొనండి. షాపు పడమటి ముఖమైతే ముందు పందిరి తప్పనిసరి. సహజ రంగులు మధ్యాహ్నపు ఎండకి వెలిసిపోతాయి. షాపు ముందు నిలబెట్టిన మనిషంత బొమ్మకి కట్టిన చీర ఒకటి మడత లోపల ఒక రంగు, బయట ఒక రంగు అయింది, సగం ధరకి కూడా పోలేదు.

ర్యాకుల్లో నడుము నుంచి కంటి ఎత్తు దాకా ఉన్నదే సరుకు, కింది అర స్టాకుకి మాత్రమే. పిల్లాణ్ని ఎత్తుకున్నావిడ వంగి చూడదు. ధర చీటీల మీద అంకెలు పెద్దవిగా రాయించండి. తమిళం, కన్నడం, హిందీ వాళ్లకి భాష రాకపోయినా అది చాలు. వాస్తు మీ ఇష్టం. గల్లాపెట్టె ఎటు చూడాలో మా మామగారు చెప్పారు, అలాగే పెట్టాం, గొడవ లేదు.

వడ్రంగికి అడ్వాన్సు ఇవ్వకముందు నేల మీద సుద్దతో ర్యాకులు, బల్ల గీయండి. ఇంట్లోవాళ్లని ఆరుగురిని, చేతికో బ్యాగు ఇచ్చి, ఒకేసారి లోపలికి రమ్మనండి. ఎవరు ఎవరికి తగిలారో అక్కడ గీత జరపండి.