ప్రొసీడింగ్స్ వేయని సదస్సుకు సొంత డబ్బుతో వెళ్ళాలా?

మీరడిగింది ఇదీ: ఇండస్ట్రియల్ స్టాటిస్టిక్స్ మీద, పిలిచిన వాళ్ళకు మాత్రమే జరిగే చిన్న సదస్సుకు మీ గైడ్ ద్వారా పిలుపు వచ్చింది. ప్రొసీడింగ్స్, అంటే అక్కడ చదివిన పేపర్ల సంపుటి, వేయరు కాబట్టి ప్రమోషన్‌కి లెక్కేసే స్కోరుకి పనికిరాదు, కాలేజీ పైసా ఇవ్వనంటోంది, వెళ్ళాలా వద్దా, వెళ్తే సూట్ కొనాలా అని. వెళ్ళండి. కాకపోతే పూర్తయిపోయిన పేపర్ పట్టుకుని వెళ్ళొద్దు. ఎందుకో చెప్పాలంటే నా పరువు పోయిన కథ చెప్పాలి.

ముందు ఆ పిలుపు నిజమైనదేనా చూసుకోండి. మనందరి మెయిల్‌కీ రోజూ 'గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి' అంటూ ఆహ్వానాలు వస్తుంటాయి, వ్యవసాయం నుంచి నానో టెక్నాలజీ దాకా అన్నీ ఒకే హోటల్లో, శుక్రవారం లోపు డబ్బు కట్టాలి. మీది గైడ్ ద్వారా వచ్చింది, నడిపేవాళ్ళ పేర్లు మీరు చదివిన పేపర్ల మీదే ఉన్నాయంటున్నారు, కాబట్టి ఆ భయం లేదు.

నేను వెళ్ళింది గోర్డన్ కాన్ఫరెన్స్‌కి. ఇరవై ఏళ్ళ పైమాట, అప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాను. జాన్స్ హాప్కిన్స్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ నీల్ గోర్డన్ 1931లో మొదలుపెట్టిన సమావేశాలివి, 1947 నుంచి న్యూ హ్యాంప్‌షైర్‌లో వేసవి సెలవులకు ఖాళీ అయిన స్కూళ్ళలో పెట్టడం మొదలుపెట్టారు. కెమిస్ట్రీ, కెమికల్ ఇంజనీరింగ్‌లో స్టాటిస్టిక్స్ అని దానికి విడిగా ఒక వారం ఉండేది. కెమిస్ట్రీ వాళ్ళ మధ్య స్టాటిస్టిక్స్ ఏంటి అని నాకూ అనిపించింది. కానీ ఏ పరిస్థితుల్లో దిగుబడి బాగుంటుందో ప్రయోగాలతో అంచెలంచెలుగా వెతికే రెస్పాన్స్ సర్ఫేస్ పద్ధతి మీద 1951లో జార్జ్ బాక్స్, విల్సన్ రాసిన పేపర్ పుట్టింది ఐసీఐ అనే రసాయనాల కంపెనీలోనే, రియాక్టర్ల పక్కనే. ఈ సబ్జెక్టు ఊరు అదే.

దరఖాస్తు పెడితే చైర్, అంటే ఆ సదస్సు నడిపే పెద్ద, ఒప్పుకోవాలి, మా ప్రొఫెసర్ చెప్పబట్టి నాకు సీటు దొరికింది. పొద్దున ప్రసంగాలు, మధ్యాహ్నం పూర్తిగా ఖాళీ, రాత్రి భోజనం తర్వాత మళ్ళీ ప్రసంగాలు. రికార్డు చేయకూడదు, స్లైడ్లు ఫొటో తీయకూడదు, అక్కడ విన్నది చెప్పినవాళ్ళ అనుమతి లేకుండా బయట రాయకూడదు. మీరు నష్టం అనుకుంటున్న ఈ 'ప్రొసీడింగ్స్ లేకపోవడమే' అసలు లాభం. కంపెనీలో పనిచేసేవాళ్ళు తమ ప్లాంట్‌లో ఏ ప్రయోగం ఎలా బెడిసికొట్టిందో మామూలు సదస్సులో చచ్చినా చెప్పరు, వాళ్ళ లీగల్ వాళ్ళు చెప్పనివ్వరు. ఇక్కడ చెప్తారు. జర్నల్లో కనిపించే డేటా అంతా స్నానం చేయించి బొట్టు పెట్టిన డేటా, ఇక్కడ మాత్రం నిద్ర లేచిన మొహంతో ఉంటుంది.

ఇక నా సంగతి. వాల్తేరులో, ఆంధ్ర యూనివర్సిటీలో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ అయ్యాక హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో రెండేళ్ళు చేశాను. అప్పటి డేటా నా దగ్గరుంది: టెంపరేచర్, కేటలిస్ట్, సాల్వెంట్ నిష్పత్తి, కలిపే వేగం, ఒక్కోదానికి రెండు స్థాయిలు, మొత్తం 16 బ్యాచ్‌లు. దాన్ని ఫుల్ ఫ్యాక్టోరియల్‌గా, అంటే అన్ని కలయికలనూ వేటికవి విడిగా చేసిన ప్రయోగంగా విశ్లేషించి, దిగుబడిని నడిపించేది టెంపరేచరే అని తేల్చి, రంగురంగుల పోస్టర్ వేసుకెళ్ళాను. ఒక పెద్దాయన, రిటైరైన కెమికల్ ఇంజనీర్, పోస్టర్ అంతా చదివి ఒక్కటే అడిగారు: "ప్రతి బ్యాచ్‌కీ టెంపరేచర్ మళ్ళీ కొత్తగా సెట్ చేశారా?" చేసే ఉంటారండీ అన్నాను. ఆయన నవ్వి కాఫీకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి, మా పాత షిఫ్ట్ కెమిస్ట్‌కి ఫోన్ చేశాను. "అట్టెట్లా కుదురుద్ది సార్, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్ చల్లారడానికే సగం షిఫ్ట్ అయిపోద్ది, ఒక టెంపరేచర్‌కి నాలుగేసి బ్యాచ్‌లు వరసగా లాగించేశాం" అన్నాడు. అంటే ఏ బ్యాచ్ తర్వాత ఏది చేయాలో చెప్పే రన్ ఆర్డర్ షీట్‌లో నేను చీటీలు కలిపినట్టు కలిపేసి రాసిచ్చిన వరస గోడకే ఉండిపోయింది. వాళ్ళను తప్పు పట్టడానికేమీ లేదు, ఆవిరి ఖర్చు తెలిసిన ఎవరైనా అదే చేస్తారు. ఒక్కసారి వెళ్ళి అడగని నాది తప్పు.

దీన్ని స్ప్లిట్ ప్లాట్ అంటారు, మీరు క్లాసులో చెప్పే ఉంటారు, పొలం ఉదాహరణతో. నీళ్ళు పెట్టేది మడి మొత్తానికి, విత్తన రకాలు మాత్రం ఆ మడిలోనే చిన్న చిన్న ముక్కల్లో. నీటి ప్రభావం తేల్చాలంటే మడులు లెక్కపెట్టాలి, ముక్కలు కాదు. నా టెంపరేచర్‌కి నిజంగా ఉన్నవి నాలుగు మడులే, నేను 16 అనుకుని లెక్క కట్టాను. మడికీ మడికీ ఉండే తేడా పెద్దది, ముక్కకీ ముక్కకీ ఉండే తేడా చిన్నది. రెండూ కలిపి ఒకే ఎర్రర్‌గా, అంటే ప్రభావాన్ని పోల్చి చూసే కొలబద్దగా వాడేసరికి టెంపరేచర్ లేనిపోని గొప్పగా కనిపించింది, సాల్వెంట్ నిష్పత్తి ప్రభావం ఆ ఎర్రర్ కింద నలిగిపోయింది. తిరిగి లెక్కేస్తే టెంపరేచర్ గురించి గట్టిగా ఏమీ చెప్పలేని పరిస్థితి, సాల్వెంట్ మాత్రం స్పష్టంగా తేలింది.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి సంగతి చెప్తే, పరిశ్రమలో జరిగే ప్రయోగాలన్నీ స్ప్లిట్ ప్లాట్‌లే అని కత్‌బర్ట్ డేనియల్ అనే స్టాటిస్టిషియన్ అన్నట్టు చెప్పుకునే మాట వినిపించి, మధ్యాహ్నం నాతో చెరువు చుట్టూ రెండు గంటలు నడిచారు. నా థీసిస్‌లో మూడో అధ్యాయం ఆ నడకలోదే. ఏ స్కోరుకీ రాలేదది.

తిండి గురించి కూడా చెప్పాలి. గురువారం రాత్రి లాబ్‌స్టర్ అక్కడ ఆనవాయితీ, శాకాహారిని కావడంతో ఉడికించిన మొక్కజొన్నతోనే సరిపెట్టుకున్నాను. కందిపొడి పట్టుకెళ్ళండి. భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలో ముందే అనుకోకండి, నేను ఆంధ్ర యూనివర్సిటీ అనగానే పక్కావిడ "రావు చదివిన చోటా?" అని అడిగింది. స్టాటిస్టిషియన్ సి.ఆర్. రావు గారి 1947 నాటి ఆర్తోగోనల్ అరేల మీదే, అంటే తక్కువ ప్రయోగాలతోనే స్థాయిలన్నీ సమంగా వచ్చేలా చూసే పట్టికల మీదే ఆవిడ పనట. మనం వాల్తేరులో ఆ పేరు బోర్డుల మీద చూసి దాటిపోతాం.

ఇలాంటివన్నీ ప్రొసీడింగ్స్ లేనివే అనుకోకండి. ఇంటెలిజెంట్ స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్ అని ఇంకో వర్క్‌షాప్ ఉంది, అదీ పిలుపు మీదే, 2013లో సిడ్నీలో, 2016లో హాంబర్గ్‌లో జరిగింది, అందులోని పేపర్లు తర్వాత స్ప్రింగర్ పుస్తకంగా వస్తాయి. స్కోరు మరీ ముఖ్యమైతే తర్వాత ఆ దారి చూసుకోండి.

డబ్బు సంగతి: చైర్‌కి సిగ్గుపడకుండా మెయిల్ రాయండి, ఫీజు తగ్గించగలరా అని. కుర్రవాళ్ళ కోసం కాస్త నిధి పక్కన పెట్టుకునే చైర్లు ఉంటారు, కానీ అడిగినవాళ్ళకే ఇస్తారు. తీసుకెళ్ళాల్సింది మీకు అర్థం కాని డేటా ఒకటి, దాని బ్యాచ్ రికార్డుల జిరాక్స్‌లు, అసలు ఏ వరసలో చేశారో షాప్‌ఫ్లోర్‌లో అడిగి రాసుకున్న కాగితం.

సూట్ వద్దు. నేను కొన్నది ఆ వారమంతా పెట్టెలోనే ఉంది, బూట్లకు మాత్రం బురద పట్టింది.