ఉద్యోగం పోయి కొత్త ఊరికి వచ్చాను. యిర్మీయా 29:11 నాకు ఏం చెబుతోంది?

మీ విషయంలో నావి మేలు చేసే ఉద్దేశాలే, మీకు నిరీక్షణ ఇస్తాను అని దేవుడు చెప్పే వచనం ఇది. క్యాలెండర్ మీద ఆ ఒక్క వచనమే ఉంటుంది కాబట్టి, త్వరలో అంతా సర్దుకుంటుందన్నట్టు చదువుతాం. నిజానికి అది బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి తన దేశానికి చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరంలోది. రెండేళ్లలో అంతా తిరిగొచ్చేస్తారని హనన్యా అనే ప్రవక్త ఊరించాడు. యిర్మీయా మాత్రం 70 ఏళ్లన్నాడు. వింటే ఎంత టెన్షన్ వచ్చి ఉంటుందో! విన్నవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు.

అందుకే ముందు 5 నుంచి 7 వచనాలు చదవండి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. తమను చెరపట్టినవాళ్ల ఊరి కోసం! నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది ఇదే.

పాత ఉద్యోగం తిరిగొస్తుందని ఈ వచనం హామీ ఇవ్వదు. కొత్త ఊళ్లో పక్కింటివాళ్లను పలకరించడం, దగ్గర్లోని సంఘానికి వెళ్లడం, ఆ ఊరి పేరు చెప్పి ప్రార్థించడం, వీటితో మొదలుపెట్టండి.