టెక్ సందేహాలు: క్లచ్ జారుతుంటే కోడ్ చెరిపేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా ఆటోమేటిక్ కారు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం ఒక్కసారిగా పెరుగుతోంది గానీ వేగం అందుకోవడం లేదు. తర్వాత హెచ్చరిక దీపం వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోతోంది. మెకానిక్ స్కానర్‌తో ఎర్రర్ కోడ్ చెరిపేస్తే రెండు రోజులు బాగుంటోంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమేనా?

జవాబు: దయచేసి ఇక ఆ కోడ్ చెరిపించకండి. బండి ఒకే గేరులో ఉండిపోవడం చాలావరకు సాఫ్ట్‌వేర్ లోపం కాదు. క్లచ్‌లను కాపాడుకోవడానికి గేర్‌బాక్స్ కంప్యూటర్ తీసుకునే చివరి చర్య అది.

టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్లు ఆయిల్ ఒత్తిడితో బిగుసుకుంటాయి. లోపలికి వచ్చే షాఫ్ట్, బయటికి వెళ్లే షాఫ్ట్ ఎంత వేగంతో తిరుగుతున్నాయో సెన్సర్లు ఎప్పటికప్పుడు తెలుపుతుంటాయి. గేరు నిష్పత్తి 2 అయినప్పుడు బయటి షాఫ్ట్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే లోపలిది 2,000 తిరగాలి. అది 2,400 చూపిస్తే, ఆ 400 చుట్ల తేడా ఏదో ఒక క్లచ్ జారుతున్నదనడానికి గుర్తు. ఆ సమయంలో గేర్‌బాక్స్‌లోకి 200 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వస్తున్నదనుకుంటే, 8 కిలోవాట్లకు పైగా శక్తి చక్రాలకు చేరకుండా ప్లేట్ల మధ్యనే వేడిగా మారిపోతుంది. గేరు మారే క్షణంలో కొంత జారడం అవసరమే. అది సెకనులోపే ముగుస్తుంది కనుక ఆ వేడిని ఆయిల్ మోసుకుపోగలదు. అదే కొన్ని సెకన్లపాటు సాగితే రాపిడి పొర మాడి నున్నబడుతుంది, నున్నబడిన ప్లేటు ఇంకా జారుతుంది.

అందుకే కంప్యూటర్ ముందుగా ఆయిల్ ఒత్తిడిని పెంచుతుంది. అది చాలకపోతే టార్క్ తగ్గించమని ఇంజిన్ కంప్యూటర్‌ను కోరుతుంది. అప్పటికీ జారుడు ఆగకపోతే ఆ గేరును వదిలి, సురక్షితమైన మరో గేరులో బండిని నిలుపుతుంది. కోడ్ చెరిపినప్పుడు ఈ రక్షణ తొలగి, జారే క్లచ్‌కే మళ్లీ పూర్తి భారం అప్పగించినట్లవుతుంది. రెండు రోజులు బాగున్నట్లు కనిపించే ఆ సమయంలోనే ప్లేట్లు మరింత కాలుతాయని నా ఆందోళన.

కోడ్‌ను, అది నమోదైన క్షణంలోని ఆర్‌పీఎం, ఆయిల్ ఉష్ణోగ్రత వివరాలను ముందు రాసిపెట్టించండి. పీ0730 అని వస్తే గేరు నిష్పత్తి తప్పిందని అర్థం. తర్వాత ఆయిల్ మట్టాన్ని తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత వద్దనే చూడాలి, ఎందుకంటే వేడెక్కిన ఆయిల్ వ్యాకోచించి కొలతను మారుస్తుంది. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే ప్లేట్లు ఇప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. మట్టం తక్కువగా ఉంటే కారుతున్నచోటు వెతకాలి. ఒత్తిడి అందకపోతే పంపు, ఆయిల్ ప్రవాహాన్ని విద్యుత్తుతో అదుపుచేసే సోలినాయిడ్ కవాటాలు, సీళ్లు పరీక్షించాలి. ఆయిల్ మాత్రం మీ గేర్‌బాక్స్‌కు నిర్దేశించినదే వాడాలి, ఎందుకంటే ప్లేట్ల పట్టు దానిలో కలిపిన పదార్థాల మీద కూడా ఆధారపడుతుంది.

ఎత్తు మీద ఆగినప్పుడు బండిని యాక్సిలరేటర్‌తో నిలపకండి, బ్రేకు వాడండి. పొడి క్లచ్‌లున్న డ్యూయల్ క్లచ్ (టార్క్ కన్వర్టర్‌కు బదులు రెండు క్లచ్‌లతో నడిచే) గేర్‌బాక్స్‌లకు ఇది మరీ ముఖ్యం, అక్కడ వేడిని మోసుకుపోయే ఆయిలే ఉండదు. వేడి హెచ్చరిక వస్తే పక్కకు ఆపి, పార్క్‌లో పెట్టి, హెచ్చరిక పోయేదాకా ఆగండి. టార్క్ కన్వర్టర్ బండిలో ఇంజిన్ నడుస్తుంటేనే పంపు ఆయిల్‌ను కూలర్ గుండా తిప్పుతుంది. మరమ్మతు పూర్తయ్యాక, పాత క్లచ్‌ల కోసం కంప్యూటర్ నేర్చుకున్న ఒత్తిడి విలువలను కొత్తగా నేర్పించే ప్రక్రియను మెకానిక్ చేత తప్పక చేయించండి. రీసెట్ అవసరమయ్యేది అప్పుడే.