పొట్టేలుకు మూత్రం ఆగితే ఆముదం పనిచేయదు

ప్రశ్న: బక్రీద్‌కు అమ్మాలని 20 పొట్టేలు పిల్లలను పాకలోనే మేపుతున్నాం. తవుడు, మొక్కజొన్న నూక కడుపునిండా పెడుతున్నాం, చొప్ప తక్కువ. నిన్నటి నుంచి ఒకటి తోక ఆడిస్తూ ముక్కుతోంది. పెంటికలు పడడం లేదేమోనని ఆముదం తాగించాం. తీరా చూస్తే మూత్రమే చుక్కలు చుక్కలుగా వస్తోంది. కిడ్నీలు చెడిపోయాయా సార్? – ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ముందు దాన్ని ఈరోజే పశువుల డాక్టరుకు చూపించండి. తీసుకెళ్లే వీలు లేకపోతే సంచార పశువైద్య వాహనం నంబరు 1962కు ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీరు చెప్పినదాన్ని బట్టి కిడ్నీలు పనిచేస్తూనే ఉన్నాయి, బయటికి వచ్చే దారిలో రాయి అడ్డుపడింది. కిడ్నీలో సన్నటి రక్తనాళాల గుత్తులు రక్తాన్ని వడకడతాయి. రక్తకణాలు, మాంసకృత్తులు రక్తంలోనే ఉండిపోతాయి. నీరు, లవణాలు, యూరియా కిందికి దిగుతాయి. ఆ నీటిలో నూటికి 99 వంతులు మళ్లీ రక్తంలోకే వెళ్లిపోతాయి. మిగిలిన కాసిన్ని నీళ్లలోనే ఒంటికి అక్కర్లేనివన్నీ కరిగి పోవాలి. జీవం నీళ్లు తక్కువ తాగితే అవి చిక్కబడి గడ్డకడతాయి.

తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. చొప్ప నమిలే జీవానికి లాలాజలం బాగా ఊరుతుంది, అదనపు భాస్వరం అందులో కలిసి పెంటికల్లో పోతుంది. నమలడం తగ్గితే ఆ భారం కిడ్నీల మీద పడుతుంది. మూత్రంలో అది మెగ్నీషియం, అమ్మోనియాతో కలిసి ఇసుకలా తయారవుతుంది. ఆడ గొర్రెకు మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ ఇసుక జారిపోతుంది. పొట్టేలుకు సన్నగా, వంపులు తిరిగి, చివర పురుగులాంటి తోకతో ఉంటుంది. రాయి ఎక్కువగా ఆ వంపులోనో, ఆ తోకలోనో ఇరుక్కుంటుంది. నాళం చివరి ఆ తోకలో ఉంటే డాక్టరు దాన్ని కత్తిరించి దారి తెరుస్తారు, వంపులో ఉంటే ఆపరేషన్ కావాలి.

మూత్రం జారీ కావడానికని ఏ మందూ మీ అంతట మీరు వేయకండి. దారి మూసి ఉండగా మూత్రం పెరిగితే మూత్రాశయం పగులుతుంది. పగిలాక నొప్పి తగ్గి జీవం ఒక పూట నెమ్మదించినట్టు కనిపిస్తుంది. కోలుకుందని మోసపోకండి, లోపల పొట్ట మూత్రంతో నిండుతూ ఉంటుంది.

మిగతా 19 పిల్లలకు తవుడు సగానికి తగ్గించి చొప్ప, వేరుశనగ కట్టె పెంచండి. 100 కిలోల దాణాకు 2 కిలోల కాల్సైట్ (కాల్షియం ఇచ్చే సున్నపురాయి) పొడి, 2 కిలోల ఉప్పు కలపండి. మంచి నీళ్లు తొట్టిలో ఎప్పుడూ ఉండాలి. అమ్మోనియం క్లోరైడ్ కూడా రాళ్లు కట్టకుండా ఆపుతుంది, కానీ మోతాదు డాక్టరును అడిగి, పశువుల మందుల దుకాణంలోనే కొనండి. ఎరువుల రకం వద్దు. రోజూ పొద్దున పొట్ట కింద మూత్రం వచ్చే చోట వెంట్రుకలు చూడండి. ఇసుక రేణువులు అంటుకుని కనిపిస్తే, అది ముక్కేదాకా ఆగకుండా అప్పుడే డాక్టరుకు చెప్పండి.