రొయ్యల షెడ్డు పాట మళ్ళీ పంపు

ఒంగోలు,
శుక్రవారం రాత్రి.

అమ్మాయ్,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు పాటలూ విన్నాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకుందామనుకున్నా గానీ, ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. మీ పెద్దమ్మ పడుకుంది, కరెంటు ఉంది, దోమలు కూడా ఈ పూట దయ తలిచాయి. అందుకే కాగితం ముందేసుకున్నాను.

"మొహమాటం లేకుండా చెప్పు పెదనాన్నా" అని రాశావు కదా, అట్టాగే చెప్తాను. మొదటి రెండు పాటలూ నీవి కావు. ఎవరివో ఎత్తుకొచ్చావని కాదు. ప్రాణం, మౌనం, హృదయం, ఉదయం... ఈ నాలుగు మాటలూ ఎన్ని వేల చేతులు మారాయో, పాత పది రూపాయల నోటులా మెత్తబడిపోయాయి. మౌనాన్ని తీసుకెళ్ళి ప్రాణానికి ముడేసి నువ్వు పాడుతుంటే, కావలిలో పుట్టిన పిల్ల పాడుతున్నట్టు లేదు. ఏ ఊళ్ళోనూ పుట్టని పిల్ల పాడుతున్నట్టుంది.

మూడోది వినేటప్పుడు మాత్రం లేచి కూర్చున్నాను.

ఐసు గడ్డల మీద తెల్లారింది అమ్మకి
వేళ్ళకి తెలవదు మాఘమో శ్రావణమో

రొయ్యల షెడ్డులో చీకటితోనే కూర్చుని తలలు తీసే మనిషి చేతులు చూసినవాళ్ళకి తప్ప ఈ మాట తట్టదు. "తెలవదు" అన్నావు చూడు, ఏ పంతులైనా చూస్తే "తెలియదు" అని ఎర్ర సిరాతో దిద్దుతాడు. దిద్దనివ్వకు. అది మీ అమ్మ నోట్లో మాట. మరి అదే పాట పల్లవిలో "జాలువారె కన్నీటి ధార" అని ఎందుకు తగిలించావు? మీ ఇంట్లో ఎవరైనా "జాలువారె" అంటారా? ఏడుపొస్తే మీరు ఏమంటారో అది రాయి. చెరువు రైతులు కౌంటు అంటారు కదా, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. ముప్పై కౌంటు, వంద కౌంటు. రోజూ చెవిన పడే ఆ మాట నీ పాటలోకి ఒక్కసారి కూడా ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు.

సినిమా పాటలు రాసిన ఆచార్య ఆత్రేయ మీ పాత నెల్లూరు జిల్లా మనిషే. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టాడు. రాయకుండా నిర్మాతల్నీ, రాసి జనాన్నీ ఏడిపిస్తాడని సినిమావాళ్ళు ఆయన మీద జోకు వేసుకునేవాళ్ళు. ఆలస్యం సంగతి నువ్వు నేర్చుకోకు. నాటకాలు రాసి సినిమాకి వెళ్ళిన మనిషి కాబట్టి, ఏ మాట మనుషుల నోట పలుకుతుందో, ఏది కాగితం మీదే ఉండిపోతుందో ఆయన చెవికి తెలుసు. ఆ చెవి సంపాదించుకో.

ఇక బాణీ. రెండో చరణంలో "అమ్మ కల" అన్నచోట "క" మీద అంతసేపు నిలబడ్డావు. నాకు "అమ్మ కాల" అని వినిపించింది. ఏం కాలిందా అని కంగారుపడ్డాను. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే దీర్ఘమైపోతుంది, దీర్ఘమైతే మాటే మారిపోతుంది. కల కాల అవుతుంది, పడింది పాడింది అవుతుంది. ఇంగ్లీషు పాటలు వింటూ గిటారు నేర్చుకున్న పిల్లలు చాలామంది ఇక్కడే జారిపడతారు. సాగదీయాలనిపిస్తే దీర్ఘం మీద సాగదియ్యి, లేదా మాట చివరి అచ్చు మీద. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, పాడేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? ఒత్తుల సంగతి ఇంకా తమాషా. "అమ్మ"లో మ్మ మీద పెదాలు మూసుకుని కూడా రాగం నడపొచ్చు. "కన్ను", "ఇల్లు" కూడా అంతే. "అక్క", "తట్ట", "ఉప్పు" దగ్గర గొంతు టక్కున ఆగిపోతుంది. అక్కడ రాగం సాగదు గానీ తాళం భలే పడుతుంది. షెడ్డులో పని చప్పుడు వినిపించాలని డ్రమ్ముల సౌండు కలిపావు కదా, అది తీసేసి దెబ్బ పడాల్సిన చోట ఇట్టాంటి మాటలు పెట్టి చూడు.

ఇంకోటి. "ఐసు గడ్డల మీద" అన్నది పది మాత్రలు, హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికీ ఒత్తు ముందు అక్షరానికీ రెండేసి లెక్కన. ఐసు గడ్, డల మీద అని అయిదూ అయిదుగా విరుగుతుంది. అంటే నీకు తెలియకుండానే ఖండగతిలో పడ్డావు, త-క-త-కి-ట. తర్వాతి పాదంలో "వేళ్ళకి తెలవదు" నాలుగూ నాలుగుగా నడుస్తోంది. నీ కీబోర్డు కుర్రాడు ప్రతిసారీ అక్కడే తడబడుతున్నది అందుకే, వాడి తప్పు కాదు. "తెల్లారింది" దగ్గర కూడా రెండు మాత్రలు ఎక్కువొచ్చాయి. "తెల్లారె" అంటే అయిదుకి సరిపోతుంది, కానీ అది "జాలువారె"కి చుట్టమేమో అని నా అనుమానం. జానపదుల నోట వింటే బాగానే ఉంటుంది. నువ్వే తేల్చుకో.

రికార్డింగు బాగాలేదని నువ్వే అన్నావు. నిజమే. మధ్యలో రైలు కూత వినిపించింది, పినాకినో, గూడ్సు బండో. అది నాకు నచ్చింది, ఉంచేస్తావో లేదో నీ ఇష్టం. ఫ్యాను చప్పుడు మాత్రం నచ్చలేదు. చీరలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దాని ముందు కూర్చుని, వెనకాల బొంత వేలాడదీసి పాడు. ఖాళీ గదిలో గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే గొంతుని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యదు. మైకుకి నోటికి జానెడు దూరం చాలు. వేవ్ ఫైలుగా దాచుకో. నాకు పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంటుగా పంపు, లేకపోతే వాట్సాప్ పిండేసి పిప్పి పంపుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఇంతవరకూ చెప్పలేదు ఇది.

1992లో, మాలలు వేసుకునే సీజన్‌కి ముందు, ఎనిమిది అయ్యప్ప పాటలు రాశాను. క్యాసెట్ల వ్యాపారం చేసే ఒకాయన 800 రూపాయలు చేతిలో పెట్టి, రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నేను చదవలేదు. డబ్బు లెక్కపెట్టుకున్నాను, అంతే. క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద గాయకుడి ఫొటో ఉంది, షాపు అడ్రసు ఉంది, అగరొత్తుల ప్రకటన కూడా ఉంది. నా పేరు లేదు. అడిగితే "చోటు చాల్లేదండీ" అన్నాడు.

పదేళ్ళ తర్వాత కొత్తపట్నంలో పడిపూజకి వెళ్ళాను. అందులో ఒక పాట ఎత్తుకున్నారు. నేనూ గొంతు కలిపాను. పక్కనున్న గురుస్వామి ఆపి, "స్వామీ, తప్పు పాడుతున్నారు, అక్కడ మెట్టు మెట్టుకీ కాదు, మెట్టు మెట్టులో" అని దిద్దాడు. ఎవరు రాశారు స్వామీ ఈ పాట అని అడిగాను. "పూర్వం నుంచీ ఉంది స్వామీ" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే మీ పెద్దమ్మ నవ్వి, "ఇంకేం, బతికుండగానే పూర్వీకులైపోయారు" అంది.

అందుకని విను. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం, పాట కాగితం మీద పడగానే హక్కు నీకు పుడుతుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు గానీ తప్పనిసరి కాదు. నీ జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. ఎవరికైనా ఇవ్వాలంటే రాతలో, సంతకంతో ఇవ్వాలి. కాగితంలో ఎన్నాళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకేననీ, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకేననీ లెక్క. ఈ సంగతి అవతలివాళ్ళకి బాగా తెలుసు. అందుకే వాళ్ళు తెచ్చే కాగితంలో "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అనే రెండు మాటలు ఎక్కడో ఒకచోట ఇరికించి ఉంటాయి. అవి కనిపిస్తే పెన్నుకి మూత పెట్టి, కాగితం ఇంటికి తెచ్చుకో. 2012లో చట్టం సవరించాక, హక్కులు అమ్మేసుకున్నా సరే, రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో కొనుక్కున్నవాళ్ళతో సమానంగా వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు. వసూలు చేసి పంచడానికి ఐపీఆర్‌ఎస్ అని 1969 నుంచి ఒక సొసైటీ ఉంది. పాట బయటికొచ్చాక అందులో సభ్యత్వం తీసుకో. నేను తీసుకునేసరికి నా పాటలు పూర్వీకులవైపోయాయి కదా.

పాట వేరు, రికార్డింగు వేరు అన్నది బుర్రలో పెట్టుకో. మాటకి ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, వాటిని పాడి పట్టిన శబ్దానికి ఇంకో హక్కు. నీ కీబోర్డు కుర్రాడు మంచివాడే. మంచివాడు కాబట్టే ఇప్పుడే మాట్లాడుకోండి. మాటలు ఎవరివి, బాణీలో ఎవరికెంత, రికార్డింగుకి డబ్బు ఎవరు పెట్టారు అని వాట్సాప్‌లోనే నాలుగు లైన్లు రాసుకుని ఇద్దరూ సరే అనుకోండి. పాటకి పది రూపాయలు రాకముందు ఈ మాట ఎత్తితే నవ్వుకుంటారు, పదివేలు వచ్చాక ఎత్తితే మొహాలు చూసుకోరు. రెండో పాటకి నెట్‌లో దొరికిన ఫ్రీ బీటు వాడానన్నావు. అదే బీటు ఇంకో వందమంది వాడి ఉంటారు. వాళ్ళల్లో ఎవడో ముందుగా తన పేరు మీద ఎక్కించుకుంటే, నీ వీడియో మీద యూట్యూబ్‌లో ఆ శబ్దం వాడిదని క్లెయిమ్ పడుతుంది. ఎలాగూ ఆ పాట వద్దన్నాను కాబట్టి ఆ తలనొప్పి తప్పింది.

అన్నమయ్య కీర్తనకి గిటారు కడితే వ్యూస్ వస్తాయని కూడా రాశావు. కట్టు, ఎవరు వద్దన్నారు. ఆయన 1503లో పోయాడు, మాటలు అందరివీ. కానీ రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరాలు లేవు. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో చాలావరకు మొన్నమొన్నటి విద్వాంసులు కట్టినవి. ఆ బాణీ ఎత్తుకోకుండా, ఆ మాటలకి నీ బాణీ నువ్వు కట్టుకో.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను, ఎక్కువ లేదు కాబట్టి. పాటని స్పాటిఫై లాంటివాటిలో ఎక్కించడానికి డిస్ట్రిబ్యూటర్లుంటారు. కొందరు ఏటా ఫీజు తీసుకుంటారు, కట్టడం మానేస్తే పాటలు దిగిపోవచ్చు. కొందరు వాటా తీసుకుంటారు. స్పాటిఫైలో ఏడాదిలో 1000 సార్లు వినబడని పాటకి 2024 నుంచి పైసా లెక్క కట్టడం లేదు. యూట్యూబ్‌లో మామూలు వీడియోల మీద ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటలు చూసి ఉండాలి. ముప్పై సెకన్లు వింటేనే ఒక స్ట్రీము కింద లెక్క కాబట్టి మొదట్లోనే పల్లవి పెట్టమని నీకు ఎవరో చెప్పారట. నీ పాట ముందు నలభై సెకన్ల గిటారు ముక్క నిజంగానే ఎక్కువైంది, కోసెయ్యి. ఆ లెక్క కోసం కాదు, నాకు విసుగొచ్చింది కాబట్టి.

హైదరాబాదో చెన్నయో వెళ్ళకపోతే పనికాదా అని అడిగావు. ఆత్రేయకి మద్రాసు తప్పలేదు, మీ నెల్లూరు బాలుకీ తప్పలేదు. మైకూ, థియేటరూ, పాడించేవాళ్ళూ అక్కడే ఉండేవాళ్ళు. మా ఒంగోలు దాటితే వచ్చే స్టేషన్ కరవది, నాదస్వరం షేక్ చినమౌలానా గారిది ఆ ఊరే. ఆయన తంజావూరు బాణీ పట్టుకోవాలని ఆ దేశం పోయి, చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. అట్టా నేర్చుకోవడానికి వెళ్తానంటే నేనే టికెట్టు కొనిస్తాను. పాట వినిపించడానికైతే ముందు షెడ్డుకి వెళ్ళు. మధ్యాహ్నం అన్నాలప్పుడు మీ అమ్మ పక్కన కూర్చునే నలుగురైదుగురికి ఫోన్లో పెట్టి వినిపించు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ టిఫిను డబ్బా మూత తీసుకుంటూ పక్కకి చూశారో గుర్తుపెట్టుకో. ఇంటర్నెట్‌లో ఎక్కించే ముందు మీ అమ్మకి ఇష్టమేనా అని కూడా అడుగు. ఆమె చేతుల గురించే కదా పాట.

కీబోర్డు లేకుండా, ఉత్త గొంతుతో ఆ ఒక్క పాటే మళ్ళీ పంపు. మూడో చరణంలో రొయ్యలు పోసేదాన్ని "బుట్ట" అన్నావు. షెడ్డులో బుట్టలెక్కడివి? వాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో మీ అమ్మని అడిగి, ఆ మాట పెట్టి పాడు.

మీ పెద్దమ్మ, సంక్రాంతికి రమ్మని రాయమంటుంది. గిటారు తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న