తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో గొడవలు ముదిరిపోతున్నాయి. అడ్మిన్‌గా నేనేం చేయాలి?

రాజకీయాల మీద మొదలైన మాట బూతుల దాకా పోతోందని, మెసేజ్ తీసేస్తే ఒక గొడవ, ఊరుకుంటే ఇంకో గొడవ అవుతోందని అడిగారు. బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల ఉండే మనవాళ్ళ గ్రూప్‌కి నేనూ ఒక అడ్మిన్‌ని. అద్దె ఇళ్ళు, ఊరెళ్ళే కార్లలో సీట్లు, రక్తం కావాలన్న మెసేజ్‌లు, మా గ్రూప్ ఉన్నది వీటికోసమే.

2024 మే 13న ఆంధ్రలో అసెంబ్లీకి, లోక్‌సభకి ఒకేరోజు పోలింగ్. దానికి కొద్దిరోజుల ముందు, ఎవరి కారులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో రాసుకుంటుంటే ఒకాయన ఒక పార్టీ వీడియో పెట్టారు. ఇంకొకాయన జవాబులో కులం ఎత్తారు. గంటలో అనంతపురానికి సీటు అడిగిన అమ్మాయి మెసేజ్ ఎక్కడో పైకి పోయింది. నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే. కొట్లాడేది నలుగురే, కానీ అవసరం ఉన్నవాళ్ళు అడగడం మానేస్తారు.

వెంటనే అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చాం. "రేపు ఉదయం తెరుస్తాం, సీట్లు కావాల్సినవాళ్ళు మాకు విడిగా రాయండి" అని పెట్టాం. ఈ రెండో ముక్క మర్చిపోవద్దు. లేకపోతే గొడవతో సంబంధం లేనివాళ్ళు నష్టపోతారు. కులం మాట ఉన్న మెసేజ్ డిలీట్ చేశాం. పార్టీని తిట్టిన మెసేజ్‌ల జోలికి పోలేదు, అవి ఎంత ఘాటుగా ఉన్నా సరే.

తర్వాత ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశాను. అందరి ముందు తప్పంటే ఎవరూ తగ్గరు, అది పరువు సమస్య అయిపోతుంది. "అన్నా, భోజనం అయిందా? ఆ ఒక్క మాటే తీశాం, మీరు చెప్పాలనుకున్నది మళ్ళీ రాసుకోండి" అంటే చాలామంది వింటారు. వీడియో పెట్టినాయన విన్నారు. రెండో ఆయన మర్నాడు మళ్ళీ అదే మాట పెట్టారు, గ్రూప్‌లోంచి తీసేశాం. ఆయన నాకు బాగా కావలసిన మనిషి, మా ఇద్దరిదీ ఒకే పార్టీ. అందుకే ఆ పని ఇంకో అడ్మిన్‌కి వదలకుండా నేనే చేశాను. అవతలివాళ్ళకి మన మీద నమ్మకం కుదిరేది అలాంటప్పుడే.

ఎవరో పెట్టినదానికి అడ్మిన్ మీద కేసు పడుతుందేమోనని కూడా టెన్షన్ ఉంటుంది. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. మెసేజ్ రాకముందే ఆపే వీలు అడ్మిన్‌కి లేదు కదా. తెలిసి ఎగదోస్తే మాత్రం ఆ సంగతి వేరు.

ఏది తీసేస్తారో, ఎన్నోసారికి మనిషిని పంపేస్తారో గొడవలేనప్పుడే గ్రూప్ వివరాల్లో రాసిపెట్టండి. కోపం మీదున్నప్పుడు పెట్టిన రూల్ ఎవరో ఒకరి మీద పెట్టినట్టే ఉంటుంది. మీరొక్కరే అడ్మిన్ అయితే ఈ వారమే ఇంకొకరిని చేర్చుకోండి. మీ పార్టీ కానివాళ్ళయితే మరీ మంచిది.